మట్టి నేర్చిన విద్య

గత సంవత్సరం బడి సెలవులలో మేము దుబాయి నగరంలోని అల్ కుసైస్‌కు వెళ్ళి, మా అమ్మాయి ఇంట ఆరు వారాలు ఉండి వచ్చాము. అమ్మాయి విమానాల కంపెనీలో ఉద్యోగం చేస్తున్నది. విమానాశ్రయానికి తూర్పున, షార్జా సరిహద్దును ఆనుకొని ఉన్నది ఆ పేట. మెట్రో రైలు 2011లో అక్కడిదాకా వచ్చింది. ఒక వైపు మేడలు, బడులు, కిరాణా దుకాణాలు. ఇంకొక వైపు కార్ఖానాలు, గిడ్డంగులు, కూలీలు ఉండే వసతి గృహాలు. సాయంకాలం నడకకు బయలుదేరితే నాలుగు అడుగులకొకసారి తెలుగు మాట చెవిన పడుతుంది. మారిషస్‌లో ఆదివారం పూట సభవారి తరగతులలో తెలుగు నేర్చుకొన్న మావంటి వారికి, వీధిలో తెలుగు వినపడడం ఎంత సంబరమో పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ వ్యాసం అల్ కుసైస్ గురించి కాదు. అయితే అక్కడ ఒక కిరాణా కొట్టులో పచ్చిమిరపకాయల బుట్ట దగ్గర మొదలైంది గనుక అక్కడి నుండే చెప్పుకొని వస్తాము.

మా అమ్మాయి కూరగాయలు తెచ్చిన వెంటనే చింతపండు నీళ్ళలో నానవేస్తుంది. "మందు పోవాలి నాన్నా" అంటుంది. మిరపకాయలు, కరివేపాకు అయితే రెండుసార్లు కడుగుతుంది. ఈ భయం ఆమె ఒక్కతెకే పుట్టినది కాదు. 2017లో ఆ దేశ ప్రభుత్వం క్రిమిసంహారక మందుల అవశేషాలు మితికి మించి ఉన్నాయని ఈజిప్టు, జోర్డాన్, లెబనాన్, ఒమన్, యెమెన్ దేశాల నుండి వచ్చే కొన్ని కూరగాయలను, పండ్లను ఆపివేసింది. ఎడారి దేశం. తినేదానిలో ఎక్కువ భాగం బయట నుండి రావలసినదే. ఎవరి పొలంలో ఎవరు ఏమి చల్లారో తినేవానికి తెలియదు.

ఆ రోజు మేము మిరపకాయలు ఏరుకొంటూ, కొట్టు కుర్రవానితో ఈ మాటే అంటున్నాము. పక్కన నిలబడిన యువకుడొకడు మా వైపు తిరిగాడు. ఏదో కంపెనీ దుస్తులు వేసుకొని ఉన్నాడు. చొక్కా మీద బొద్దింక బొమ్మ, దాని మీద అడ్డగీత.

"సార్, మీరు తెలుగోళ్ళేనా? మాట జర వేరే తీరుగున్నది" అన్నాడు.

మారిషస్ అని చెప్పాము. మా ముత్తాతలు విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుండి కొరంగి రేవు మీదుగా ఓడలెక్కి చెరకు తోటలకు వచ్చినవారనీ, అందుకే మమ్మల్ని అక్కడ చాలాకాలం కొరంగీలు అనేవారనీ చెప్పాము. అతనిది జగిత్యాల వైపు పల్లె. ఇళ్ళలో పురుగు మందు కొట్టే పని. వసతి గృహంలో గదికి ఎనమండుగురు ఉంటారట. ఇంటి దగ్గర ఉన్నప్పుడు పత్తి చేనుకు మందు కొట్టేవాడట.

"కడిగితే పైన ఉన్నది పోతది సార్. లోపలికి గుంజుకున్నది పోదు" అన్నాడు మిరపకాయ ఒకటి చేత పట్టుకొని. కొంచెం ఆగి మళ్ళీ అన్నాడు: "గది సరే. మరి చేన్ల పోసిన మందంతా యాడికి పోతది సార్? మా నాయన పోసిండు, నేను పోసిన. ఏండ్ల సంది పోస్తనే ఉన్నం. గదంతా గన్నే ఉన్నదా?"

మేము ముప్పై సంవత్సరాలు పిల్లలకు విజ్ఞానశాస్త్రం చెప్పినవారము. జవాబు సగమే తెలుసు. రేపు చెబుతానన్నాము. ఆ రాత్రి మొదలుపెట్టి, ఇంటికి తిరిగి వచ్చిన తరువాత కూడా చదువుతూ పోగా తెలిసిన సంగతి ఇది.

దానికి ముందు మా నాయనగారి మాట ఒకటి చెప్పాలి. లేకపోతే ఇంత పట్టుదల మాకు ఎందుకని అడుగుతారు.

మా నాయనగారు ఒక చెరకు ఎస్టేటులో కూలీ. చెరకు చాళ్ళ మధ్య కలుపు మందు చల్లేవారు. చెరకు చిన్నదిగా ఉన్నప్పుడు ఆ చాళ్ళ మధ్యనే బంగాళాదుంపలు, టమాటాలు వేసే వాడుక ఉన్నది గదా. వాటికి పురుగు మందు. వీపున పంపు, ఒంటి మీద పాత చొక్కా, కాళ్ళకు ఏమీ లేవు. మందు డబ్బా మీద కపాలం బొమ్మ, చుట్టూ ఫ్రెంచి అక్షరాలు. నాయనగారికి ఫ్రెంచి చదువు లేదు. తెలుగు రామభజనలు నోటికి వచ్చును గాని అక్షరాలు రావు. సాయంత్రం వాగులో పంపు కడిగి ఇంటికి వస్తే ఒంటి నుండి వెల్లుల్లి వాసన వంటి వాసన వచ్చేది. అమ్మ వెల్లుల్లి నూరని రోజున కూడా మా ఇంట ఆ వాసన ఉండేది.

ఒక రోజు ఆయన్ను ఇద్దరు పట్టుకొని తీసికొని వచ్చారు. నోట చొంగ, కండరాలు అదురుతున్నాయి, కంటిపాపలు ఆవగింజంత అయిపోయాయి. మందుల గదిలో చూచినవారు తాగి పడ్డాడని రాశారు. ఆయన జన్మలో సారా ముట్టలేదు. మూడు రోజులకు లేచారు, మళ్ళీ పంపు ఎత్తారు. కాని చేతుల వణుకు చివరిదాకా పోలేదు. అన్నం ముద్ద నోటిదాకా వచ్చేలోపల సగం రాలేది. ఆ లక్షణాలు ఏ జాతి విషానివో కాలేజీలో చదివిన రోజున మాకు తెలిసింది. అప్పటికి ఆయన లేరు.

ఆ జాతి విషాలను ఆర్గనోఫాస్ఫేట్లు అంటారు. భాస్వరం చుట్టూ అల్లిన అణువులు. 1930లలో జర్మనీలో గెర్హార్డ్ ష్రాడర్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు పురుగుల మందు కోసం వెదుకుతూ 1936లో టాబున్, 1938లో సారిన్ అనే పదార్థాలు తయారుచేశాడు. అవి పురుగులకంటె మనుషులను చంపడానికి ఎక్కువ పనికివచ్చేవి గనుక సైన్యంవారు తీసికొన్నారు. పొలానికి పనికివచ్చే పారాథియాన్‌ను అదే ష్రాడర్ 1944లో తయారుచేశాడు. యుద్ధం ముగిసిన తరువాత అది ప్రపంచమంతటా వ్యాపించింది. ఫాలిడాల్ అనే పేరు మీద ఆంధ్రదేశపు పల్లెలకు చేరింది. ఎండ్రిన్ వేరే జాతిది. అదీ ఇదీ కలిసి తెలుగులో విషానికి మారుపేర్లు అయిపోయాయి. అప్పులపాలైన రైతు ఏమి తాగి చనిపోయాడని అడిగితే ఈ రెండు పేర్లలో ఒకటి వినపడేది.

ఈ విషం పనిచేసే తీరు ఇది. మన నరాల కొసల నుండి కండరానికి కబురు అందించే పదార్థం ఒకటి ఉన్నది. కబురు అందిన వెంటనే దానిని తుడిచివేయడానికి ఒక ఎంజైము ఉన్నది. పారాథియాన్ శరీరంలో ప్రవేశించి పారాక్సాన్‌గా మారి ఆ ఎంజైమును కట్టివేస్తుంది. కబురు తుడుపుడు పడదు. కండరం అదురుతూనే ఉంటుంది, నోట నీరు కారుతూనే ఉంటుంది, కంటిపాప ముడుచుకొనిపోతుంది. చివరకు ఊపిరి ఆగుతుంది. పురుగుకూ ఇంతే, మనిషికీ ఇంతే.

1958లో కేరళ రాష్ట్రంలో నూరుమందికి పైగా ఈ పారాథియాన్ వల్ల చనిపోయారు. వారెవరూ పొలంలో చల్లినవారు కారు. ఒకే ఓడలో ఆహార ధాన్యాల, పిండి బస్తాలతోపాటు ఈ మందు కూడా ఎక్కించారు. మందు కారి తినే సరుకులో కలిసింది. ఓడలలో బియ్యం, పప్పు, మనుషులు, సామాను అన్నీ ఒకేచోట కుక్కిన కథలు మన పెద్దల నోట విన్నవారము గనుక, ఈ సంగతి చదివినప్పుడు మా ఒళ్ళు జలదరించింది. ఆ మరణాలపై విచారణ సంఘం కూర్చున్నది. దాని ఫలితంగా పుట్టినదే భారతదేశపు 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టం. పది సంవత్సరాలు పట్టింది.

ఇక జగిత్యాల తమ్ముడు అడిగిన ప్రశ్న: మందు ఎక్కడికి పోతుంది? కొంత గాలికి, కొంత నీటికి, కొంత ఎండకు విరిగిపోతుంది. మిగిలినది మట్టిలో ఉంటుంది. ఆ మట్టిలో జరిగే పనిని మొదట కనిపెట్టినది పురుగు మందుతో కాదు, మా నాయనగారు చెరకులో చల్లిన కలుపు మందుల జాతిలోని 2,4-డి అనే దానితో.

1949లో లండన్‌లో ఆడస్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు తోటమట్టి గుండా ఆ కలుపు మందు నీటిని మళ్ళీ మళ్ళీ పారించాడు. మొదట చాలా రోజులు మందు అలాగే ఉన్నది. తరువాత ఒక్కసారిగా మాయమవడం మొదలైంది. అదే మట్టిలో రెండవ విడత మందు పోస్తే, ఆ మొదటి ఆలస్యం లేదు. వెంటనే మాయం కాసాగింది. మట్టికి విషం పోసి సూక్ష్మజీవులను చంపివేస్తే ఆ శక్తి పోయింది. అంటే మందును తినేది మట్టిలోని ప్రాణి అని తేలింది. మొదటిసారి తినడం నేర్చుకొన్న ప్రాణులు పెరిగి మంది అయినాయి. రెండవసారికి వారు ఆకలితో సిద్ధంగా ఉన్నారు. మా తరగతిలో ఎక్కాలు ఒకసారి పట్టుబడిన పిల్లలు తరువాతి లెక్కలో ఆగరు. అటువంటిదే.

ఇప్పుడు వరిపొలానికి రావాలి. ఫిలిప్పీన్స్ దేశంలో లాస్ బాన్యోస్ అనే చోట అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఉన్నది. కొత్త వంగడాలు అక్కడ పుట్టాయి, వాటితోపాటు సుడిదోమ కూడా బలిసింది. దోమకు డయాజినాన్ అనే ఆర్గనోఫాస్ఫేట్ మందును పొలంలోని నీటిలో వేసేవారు. మొదట బాగా పనిచేసింది. మళ్ళీ మళ్ళీ వేసిన మళ్ళలో పనిచేయడం మానింది. దోమ మందుకు అలవాటు పడిందని అనుకోవడం సహజం. అక్కడ పనిచేస్తున్న ఎన్. సేతునాథన్ అనే భారతీయ శాస్త్రజ్ఞుడు, పాఠక్ అనే సహచరునితో కలిసి నీటిని పరీక్షించాడు. మందు వేస్తూ వచ్చిన మళ్ళలోని నీటిలో డయాజినాన్ ఇట్టే విరిగిపోతున్నది. ఎన్నడూ వేయని మళ్ళలో అది చాలా రోజులు నిలుస్తున్నది. ఇది 1972లో అచ్చయింది. మరుసటి సంవత్సరం సేతునాథన్, యోషిదా అనే జపాన్ శాస్త్రజ్ఞుడు కలిసి ఆ పని చేస్తున్న సూక్ష్మజీవిని విడదీసి పట్టుకొన్నారు. ఫ్లేవోబాక్టీరియం జాతిదని అప్పుడు పేరు పెట్టారు. అది డయాజినాన్‌నే కాక పారాథియాన్‌ను కూడా విరుస్తుంది.

ఒక్క క్షణం ఇక్కడ ఆగాలి. ఈ కనుగోలు అప్పటి వ్యవసాయ శాస్త్రానికి చెడ్డ వార్త. మందు అమ్మేవారికీ చెడ్డ వార్తే. పొలం మట్టి మందును తినివేస్తే పురుగు ఎలా చావాలి? అటువంటి నేలలను "చిక్కు నేలలు" అన్నట్లు మాట్లాడేవారు. విషం నిలవని నేల రోగిష్టి నేల అన్నమాట! ఎక్కువ మందు పోయండి, వేరే మందు పోయండి అనే సలహాలే వచ్చాయి. అదే గుణం ఒకనాడు శుభ్రం చేసే పనికి వస్తుందని చూడగలిగినవారు ఆ రోజులలో కొద్దిమందే.

సేతునాథన్ తరువాత కటకంలోని కేంద్ర వరి పరిశోధన సంస్థలో చాలాకాలం పనిచేశాడు. కటకం అంటే మన పూర్వులు నడిచి వచ్చిన శ్రీకాకుళం సీమకు పై రాష్ట్రమే. 1973లో అక్కడ కూడా నీరు నిలిచిన వరి నేలల నుండి పారాథియాన్‌ను విరిచే సూక్ష్మజీవులను పట్టారు.

పారాథియాన్ విరగడం కంటికి కనిపిస్తుంది. రంగులేని నీరు పసుపు రంగుకు తిరుగుతుంది. ఎందుకంటే అణువు తెగిన చోట పారానైట్రోఫినాల్ అనే ముక్క విడిపోతుంది, దాని రంగు పసుపు. విషపు కోర ఊడింది అనడానికి ఆ పసుపే గుర్తు. పసుపు చూస్తే మనవారికి శుభం తోస్తుంది. ఇక్కడ కొంతవరకే శుభం. ఆ పసుపు ముక్క కూడా కొంచెం విషమే, అయితే పారాథియాన్‌తో పోలిస్తే చాలా తక్కువ. దానిని తినే సూక్ష్మజీవులు వేరే ఉన్నాయి. ఒకటి కొరికి వదిలినది ఇంకొకటి తింటుంది.

కొరికే పళ్ళు ఎంజైము. దాని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఆర్గనోఫాస్ఫేట్ అణువులో భాస్వరానికీ ఆ పక్క ముక్కకూ నడుమ ఒక బంధం ఉన్నది. ఆ బంధం తెగకపోతేనే విషం. ఈ ఎంజైము గర్భంలో రెండు లోహపు అయాన్లు, ముఖ్యంగా జింకు, పక్కపక్కనే కూర్చొని ఉంటాయి. అవి ఒక నీటి అణువును పట్టి, పదును పెట్టి, ఆ బంధం మీదికి తోస్తాయి. బంధం పుటుక్కున తెగుతుంది. నిప్పు లేదు, ఆమ్లం లేదు, నీరే కత్తి. తెగిన ముక్కలు జారిపోగానే ఎంజైము మళ్ళీ ఖాళీ, ఇంకొక అణువుకు సిద్ధం. ఒక్క ఎంజైము అణువు ఒక్క సెకనులో వేలకొద్దీ పారాక్సాన్ అణువులను తెంచగలదు. టెక్సాస్‌లో ఫ్రాంక్ రౌషెల్ మొదలైనవారు దీని పనితీరును, 1990లలో దాని ఆకారాన్ని తేటతెల్లం చేశారు. సారిన్ వంటి యుద్ధ విషాలను కూడా ఇది తెంచుతుంది గనుక సైన్యాలవారు కూడా దీని మీద కన్ను వేశారు. ష్రాడర్ ప్రయోగశాలలో విడిపోయిన రెండు దారులు, పొలం దారి, యుద్ధం దారి, ఈ చిన్న ఎంజైము దగ్గర మళ్ళీ కలిశాయి.

1970లలోనే కాలిఫోర్నియాలో మ్యునెక్ అనే ఆయన పారాథియాన్ తినే సూక్ష్మజీవుల గుంపును పెంచి, వాటి ఎంజైముతో మందు అంటిన ఖాళీ డబ్బాలను శుద్ధి చేయవచ్చునని చూపాడు. ఖాళీ డబ్బా! మా ఇంట నీళ్ళు పట్టుకొన్న డబ్బాలు ఎన్ని అటువంటివో. సబ్బుతో రెండుసార్లు కడిగితే చాలు అనుకొనేవారు అమ్మ.

ఆ గుంపులో నుండి వచ్చిన సూడోమొనాస్ జాతి సూక్ష్మజీవిలో ఈ విద్య ఎక్కడ దాగి ఉన్నదో 1982లో తెలిసింది. అసలు వంశపు ముడిలో కాక, ప్లాస్మిడ్ అనే చిన్న ఉంగరం వంటి జన్యుపదార్థంలో ఉన్నది. ఉంగరాన్ని ఒక సూక్ష్మజీవి ఇంకొకదానికి ఇవ్వగలదు. 1986లో ఫిలిప్పీన్స్ జీవి ఉంగరాన్ని, అమెరికా జీవి ఉంగరాన్ని పక్కపక్కన పెట్టి చూశారు. ఉంగరాలు వేరు, పొదిగిన రాయి ఒకటే. పసిఫిక్ మహాసముద్రానికి ఈ ఒడ్డునా ఆ ఒడ్డునా, వేరే జాతుల జీవులలో, దాదాపు ఒకే జన్యువు!

ఇక్కడికి మన తెలుగు నేల వస్తుంది. అనంతపురం జిల్లా వేరుశెనగ పొలాలకు పేరు పొందినది, వాన తక్కువకు కూడా. అక్కడి శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో 1980లలోనే పురుగు మందులు మట్టిలోని ప్రాణులను ఏమి చేస్తాయి, ఆ ప్రాణులు మందులను ఏమి చేస్తాయి అని పరిశోధించే ఆచార్యులు ఉన్నారు. 1987లో మల్లవరపు మేఘరాజ్, కడియాల వెంకటేశ్వర్లు మొదలైనవారు మట్టి నుండి తీసిన నాచు జాతి జీవులు మోనోక్రోటోఫాస్, క్వినాల్‌ఫాస్ అనే మందులను విరుస్తాయని ప్రకటించారు. జగిత్యాల తమ్ముడు పత్తికి కొట్టానన్న మందులలో మోనోక్రోటోఫాస్ కూడా ఉన్నది.

అదే విశ్వవిద్యాలయంలో సిద్ధవట్టం దయానంద అనే ఆచార్యుడు అనంతపురం జిల్లా సాగు నేలల నుండి ఆర్గనోఫాస్ఫేట్లను విరిచే ఫ్లేవోబాక్టీరియం జాతి జీవి ఒకదానిని పట్టి, దాని విద్య కూడా ప్లాస్మిడ్‌లోనే ఉన్నదని 1995లో సోమర అనే సహపరిశోధకునితో కలిసి అచ్చువేశాడు. తరువాత ఆయన హైదరాబాదు విశ్వవిద్యాలయానికి వెళ్ళి అదే పని సాగించాడు. 2003లో ఆయన బృందం చూపినది ఏమంటే, ఈ జన్యువుకు ఇరువైపులా గెంతే జన్యువుల గుర్తులున్నాయి. అది ఒకచోట నుండి ఇంకొక చోటికి మూటముల్లె కట్టుకొని దూకగల ఏర్పాటులో ఉన్నది. 2010లో జపాన్‌వారు సేతునాథన్ నాటి ఫిలిప్పీన్స్ జీవిని మళ్ళీ పరీక్షించి, ఇది ఫ్లేవోబాక్టీరియం కాదు, స్ఫింగోబియం అని పేరు మార్చారు. దాని ప్లాస్మిడ్‌ను 2012లో హైదరాబాదు బృందమే మొదటి నుండి చివరిదాకా చదివింది. అందులో కూడా దూకే ఏర్పాటే కనపడింది. వేరే దేశాలలో వేరే జీవులకు ఒకే రాయి ఎలా దొరికిందనే చిక్కు అలా కొంత విడింది.

కొరంగి రేవులో ఒక మనిషి చేతిలోని తాళం చెవులు ఓడ దిగిన చోట ఇంకొకరి చేతికి పోయినట్లు అని మేము మా పిల్లలకు చెప్పి చూశాము. నవ్వారు గాని అర్థమయిందన్నారు.

ఇంకొక చిక్కు ఉన్నది. 1944కు ముందు లోకంలో పారాథియాన్ లేదు. 1973 నాటికి దానిని తెంచే ఎంజైము పొలంలో తయారుగా ఉన్నది. ముప్పై సంవత్సరాలలో ఇంత నేర్పు ఎక్కడి నుండి వచ్చింది? ఇజ్రాయెల్ దేశంలోని వైజ్‌మన్ సంస్థలో డాన్ తౌఫీక్ బృందం 2006లో దీనికి జవాబు దగ్గరికి వచ్చింది. సూక్ష్మజీవులు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి లాక్టోన్లు అనే పదార్థాలను విడుస్తాయి. ఆ మాటలను తుడిచే ఎంజైములు కొన్ని ఉన్నాయి. వాటికి ఆర్గనోఫాస్ఫేట్లను కూడా కొంచెం కొంచెం తెంచే గుణం దాగి ఉన్నది. మన ఎంజైము వాటికి దగ్గరి చుట్టం. అంటే పాత పనిముట్టును కొత్త పనికి సాన పట్టారన్నమాట. చెరకు నరికే కత్తి పట్టవలసివచ్చిన గోదావరి వడ్రంగి కూడా మొదట తన ఉలి పట్టినట్లే పట్టి ఉంటాడు.

ఈ విద్యను మనుషులు ఎంత వాడుకొన్నారు? ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ వారు తమ దేశపు మట్టిలోని ఆగ్రోబాక్టీరియం జీవి నుండి దీనికి చెల్లెలు వంటి ఎంజైమును 2002లో ప్రకటించారు. ప్రయోగంగా పత్తి పొలాల నుండి పారే మందు నీటిలో ఇటువంటి ఎంజైము కలిపారు. ఎనభైవేల లీటర్లకు పైగా నీటిలోని మిథైల్ పారాథియాన్ పది నిమిషాలలో సుమారు 90 శాతం తగ్గింది. గొర్రెలను ముంచే మందు తొట్ల నీటికి, పండ్లు కూరగాయలు కడిగిన నీటికి వాడవచ్చునని లాండ్‌గార్డ్ పేరుతో ఒక పొడి కూడా అమ్మకానికి వచ్చింది. విషం తాగినవారికి ఈ ఎంజైమునే సూదిమందుగా ఇవ్వవచ్చునేమోనని జంతువులపై పరీక్షలు చేశారు. ఆసుపత్రులలో మాత్రం ఇంకా అట్రోపిన్ మొదలైన పాత మందులే దిక్కు.

ఇక పేదవాని పొలానికి? ఎంజైము ఖరీదు. ఎండకు చెడుతుంది, నిలవ ఉండడం కష్టం, ప్రతి మందుకు ఒక్కొక్క ఎంజైము కావాలి. పారాథియాన్‌ను క్షణంలో తెంచేది మోనోక్రోటోఫాస్ దగ్గర తడుముకొంటుంది. తోటలో పంపు మోసేవాని చర్మం మీద పడిన మందు, మట్టిలోని జీవి వచ్చి తినేదాకా ఆగదు. ఈ సంగతి మాకు అన్నిటికంటె ఎక్కువగా మనసులో పడింది. మట్టి తనను తాను బాగుచేసికొంటుంది, ఆలస్యంగానైనా. మా నాయనగారి నరాలకు ఆ వ్యవధి లేదు.

2013 జులైలో బీహారు రాష్ట్రం సారన్ జిల్లాలో ఒక ప్రాథమిక పాఠశాలలో మధ్యాహ్న భోజనం తిన్న పిల్లలు 23 మంది చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ కలిసి ఉన్నది. వంటమనిషి నూనె వాసన తేడాగా ఉన్నదని చెప్పిందని పత్రికలలో వచ్చింది. బడి పంతులుగా ఉండి ఆ వార్త చదివిన రోజున మేము పాఠం చెప్పలేకపోయాము. మిథైల్ పారాథియాన్, డయాజినాన్‌లను భారత ప్రభుత్వం 2018లో నిషేధించింది. సేతునాథన్ వరిమడిలో చూచిన మందు అది. మట్టి దానిని తినడం నేర్చుకొన్న నలభై ఆరు సంవత్సరాలకు చట్టం దానిని వద్దన్నది.

మరునాడు సాయంత్రం మేము మళ్ళీ కిరాణా కొట్టుకు వెళ్ళాము. ఆ తమ్ముడు ఆ రోజు రాలేదు. మూడవ రోజు వచ్చాడు. కొట్టు ముందు అరుగు మీద కూర్చొని, అప్పటికి తెలిసినంత చెప్పాము. చేనులో పోసిన మందంతా అక్కడే లేదు, కొంత ఉన్నది, దానిని తినే ప్రాణులు నీ చేనులోనే పుట్టి ఉండవచ్చును అన్నాము. అనంతపురం మాట చెబితే అతని ముఖం విప్పారింది.

"మన దగ్గరి మట్టిలనే?" అన్నాడు. తరువాత తన రెండు చేతులూ చూచుకొన్నాడు. "మరి గవి చేతులకు పూసుకోరాదా సార్?"

లేదయ్యా, అటువంటిది రాలేదు అన్నాము. చేతి తొడుగులు, సబ్బు, పని బట్టలు వేరుగా ఉతకడం, ఇవే ఉన్నాయి అన్నాము. పంపులో ఏ మందు పోస్తున్నావని అడిగితే నీలి మూత, ఎర్ర మూత అన్నాడు. చీటీలు అరబ్బీలో, ఇంగ్లీషులో ఉంటాయట. పెద్ద మేస్త్రి చెప్పినంత పోసి నీళ్ళు కలుపుతాడట.

ఫోనులో బొమ్మ తీసి తెమ్మన్నాము. మరుసటి ఆదివారం అయిదు డబ్బాల బొమ్మలు తెచ్చాడు. మేము ఒక కాగితం మీద వాటి పేర్లు తెలుగు అక్షరాలలో రాశాము. సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్, ఫిప్రోనిల్, ఇమిడాక్లోప్రిడ్, క్లోర్‌పైరిఫాస్. క్లోర్‌పైరిఫాస్ కింద రెండు గీతలు గీసి, ఇది మా నాయనగారి డబ్బా జాతిది, నోట నీరు ఊరినా, కళ్ళు మసకబారినా వెంటనే పని ఆపి డాక్టరుకు ఈ పేరు చూపించవలెను అని రాశాము. మా తెలుగు చేతిరాత అందమైనది కాదు, యాభై ఏళ్ళు దాటినా బడిపిల్లవాని రాతే. అతడు ఒక్కొక్క పేరూ పైకి చదివాడు. నాలుగవ పేరు దగ్గర తప్పు చదివి, మళ్ళీ చదివాడు. కాగితం మడిచి, బొద్దింక బొమ్మ ఉన్న జేబులో పెట్టుకొన్నాడు.

మేము తిరిగి వచ్చే ముందు రోజున గదిలోని ఇంకొక ఇద్దరిని వెంటబెట్టుకొని వచ్చాడు. వారి ఫోనులలో ఇంకా ఏడు డబ్బాలు ఉన్నాయి.